గోదాము నేలలో దాగిన కర్బనం

గోదాములు కట్టించేవారి దగ్గర పర్యావరణం ప్రస్తావన వస్తే, ముందుగా కప్పు మీద అమర్చబోయే సౌర ఫలకాల సంగతి చెబుతారు. అవి అవసరమే. కానీ దీపాలకు తప్ప పెద్దగా కరెంటు వాడని సరుకుల గిడ్డంగి విషయంలో, తలుపులు తెరవకముందే గాలిలో కలిసిపోయిన కర్బనాన్ని ముందు లెక్క చూసుకోవాలని స్ట్రక్చరల్ ఇంజనీరుగా నేను గట్టిగా నమ్ముతాను.

10,000 చదరపు మీటర్ల గోదాముకు 200 మిల్లీమీటర్ల మందాన నేల పోస్తే 2,000 ఘనపు మీటర్ల కాంక్రీటు, ఘనపు మీటరుకు 350 కిలోల చొప్పున 700 టన్నుల సిమెంటు పడతాయి. అదంతా సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటే అయితే సుమారు 600 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడినట్టు. అందులో సగానికి పైగా, సిమెంటు తయారీకి కాల్చే సున్నపురాయి నుంచే వస్తుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాల్చితే 44 కిలోలు వాయువుగా పోతుంది కనుక, బట్టీలో ఎంత శుభ్రమైన ఇంధనం వాడినా ఆ భాగం తగ్గదు. అలా కాల్చగా బట్టీలో తయారయ్యే క్లింకర్ (సిమెంటుకు మూలమైన గడ్డలు) వాడకమే తగ్గాలి.

క్లింకర్‌కు బదులు కలిపే సరుకు మన దగ్గరే ఉంది: విశాఖ ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసుల స్లాగ్ (ఇనుము కరిగించగా మిగిలే చిట్టెం), రామగుండం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల బూడిద. స్లాగ్ సిమెంటులో 70 శాతం వరకు స్లాగ్ ఉండవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 455 అనుమతిస్తుంది. అయితే స్లాగ్ కాంక్రీటు నిదానంగా బలపడుతుంది. 28వ రోజుకే పూర్తి బలం చూపాలని టెండరులో రాసి ఉంటే, కాంక్రీటు ప్లాంటు వాళ్లు ఆ గడువు కోసం సిమెంటు పెంచుతారు. స్లాగ్ కలిపిన ప్రయోజనంలో కొంత అక్కడే పోతుంది. సరుకు పేర్చే ర్యాకులు నేల మీదికి ఎక్కేది ఎలాగూ ఆ తర్వాతే కాబట్టి, వీలున్న చోట 56 రోజుల బలాన్ని నేను ప్రమాణంగా రాస్తున్నాను.

మందం సంగతి మరీ బాధాకరం. మేడ్చల్ వైపు ఒక పనిలో పాత డ్రాయింగు నుంచి 200 మిల్లీమీటర్లు యథాతథంగా దిగిపోయింది. ర్యాకు కాళ్ల బరువు, సరుకు ఎత్తి పేర్చే స్టాకర్ బండి చక్రాల బరువు అడిగి తెప్పించి తిరిగి లెక్క కడితే 175 సరిపోయింది. మందం ఇంత తగ్గితే వంపును తట్టుకునే శక్తి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది కాబట్టి నేల కింది నల్లరేగడి మట్టి తీసివేత, రోలరుతో అదమడం విషయంలో రాజీ పడలేదు.

ఉక్కులోనూ ఇలాంటి అవకాశమే ఉంది: ర్యాకుల వరుసల మధ్య ఒక వరుస స్తంభాలకు యజమాని ఒప్పుకుంటే కప్పును మోసే ఉక్కు దూలాలైన రాఫ్టర్ల బరువు బాగా తగ్గుతుంది.

ఇక క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం. స్లాగ్ కలిపిన నేలకు ఐఎస్ 456 సూచించే 14 రోజుల తడిని పని షెడ్యూలులో మొదటే రాయించుకోవాలి. అప్పగింత తేదీ దగ్గరపడ్డాక సైటులో ఆ రోజులు ఎవరూ ఇవ్వరు.