సాంచాల మోతతో సంగీతం: నా అనుభవం

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటాం. మా బాపు ఆసామి, అంటే కొన్ని సాంచాలు పెట్టుకుని కూలికి బట్ట నేసే మనిషి. ఆయన నడిపే సాంచాల మోతనే ముడిసరుకుగా తీసుకుని ఒక నాయిస్ (చప్పుళ్లనే సంగీతంగా మలిచే పద్ధతి), ఎలక్ట్రానిక్ సంగీతం ప్రాజెక్టు మొదలుపెట్టాను. జపాన్ నాయిస్ కళాకారుడు మెర్జ్‌బో రికార్డులు అప్పట్లో ఎక్కువగా వినేవాణ్ని. అందుకే నా తొలి ట్రాకులన్నీ ఒకటే తీరు: సాంచా రికార్డింగు మీద డిస్టార్షన్ (శబ్దాన్ని చీల్చి గరుకుగా మార్చే ఎఫెక్ట్), దాని మీద ఇంకో డిస్టార్షన్, ఆపైన చెవులు తట్టుకోలేనంత వాల్యూమ్.

చిక్కు రికార్డింగు దగ్గరే వచ్చింది. ముందు ఫోనుతోనే రికార్డు చేశాను, కానీ ఫోను మైకు మాటల కోసం తయారైంది. పెద్ద చప్పుడు వస్తే తనంతట తనే అణిచేస్తుంది, నాడె (పోగును అటూ ఇటూ మోసే షటిల్) దెబ్బా మోటారు గుయ్యీ ఒకే ముద్దయిపోతాయి. అప్పుడు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో పియజో బిళ్ళలు కొన్నాను. అవి గాల్లోని శబ్దాన్ని కాదు, ఇనుములోని అదురును పట్టుకుంటాయి. వాటిని నేరుగా మిక్సర్‌కు కలిపితే మాత్రం రేకు డబ్బా కొట్టినట్టు వినిపిస్తుంది. మిక్సర్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలికొచ్చే సిగ్నల్‌కు అది చూపే నిరోధం) తక్కువ కాబట్టి కింది ఫ్రీక్వెన్సీలు అందవు. ఒక మెగాఓమ్‌కు పైగా ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఉండేలా ఎఫ్‌ఈటీ అనే రకం ట్రాన్సిస్టరుతో చిన్న ప్రీయాంప్ (మిక్సర్‌కు ముందు పెట్టే సర్క్యూట్) కట్టుకున్నాక సాంచా కడుపులోని బరువంతా బయటికొచ్చింది.

బిళ్ళ ఎక్కడ అంటించాలో చూపింది బాపే. ఏళ్ల తరబడి ఆ షెడ్డులో పనిచేసి ఆయనకు వినికిడి బాగా తగ్గింది. అయినా సాంచా మీద అరచెయ్యి ఆనించి, "ఈడ పెట్టు బిడ్డా, నాడె దెబ్బ ఈడనే గట్టిగ తగులుతది" అన్నాడు. నిజంగానే అక్కడే అన్నింటికన్నా స్పష్టంగా వచ్చింది.

ప్రాజెక్టు దారి మళ్లింది అక్కడే. మన దేశంలో ఫ్యాక్టరీల నిబంధనల ప్రకారం 8 గంటల పనికి శబ్దం 90 డెసిబెల్స్ దాటకూడదు. సాంచాల షెడ్డులో నిలబడి పక్కవాడితో మాట్లాడి చూడండి, ఆ హద్దు ఎక్కడుందో తెలుస్తుంది. బాపు చెవులను తిన్న మోతనే ఇంకా పెంచి జనానికి వినిపించడం నాకు ఇష్టం లేకపోయింది. డిస్టార్షన్ తీసేశాను. ఒక్కో దెబ్బనూ విడదీసి ప్యూర్ డేటాలో పెట్టుకున్నాను. శబ్దాలను ప్రోగ్రాం చేసుకోవడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అది, మామూలు ల్యాప్‌టాప్ చాలు. నాడె దెబ్బ పడ్డప్పుడల్లా 50 హెర్ట్జ్ దగ్గర ఒక సైన్ స్వరం, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న లోతైన నున్నటి స్వరం, మోగుతుంది. రెండు సాంచాలు ఎప్పుడూ ఒకే వేగంతో నడవవు. ఒకదాని దెబ్బ రెండోదాన్ని మెల్లగా దాటిపోయి, కాసేపటికి మళ్లీ కలుస్తుంది. ఈ జారుడును టెంపో గ్రిడ్‌కు (సాఫ్ట్‌వేర్‌లో సమానంగా గీసిన తాళపు గళ్లకు) బిగించి సరిచేయమని తోటి సంగీతకారులు చెప్పారు. నేను ఒప్పుకోలేదు. సిరిసిల్ల గల్లీలో నడిచే ఎవరి చెవినైనా పడేది ఆ జారుడే, ట్రాకుకు ప్రాణం కూడా అదే.

ఇది సంగీతమేనా అని చాలామంది అడుగుతారు. పారిస్‌లో పియర్ షాఫర్ అనే స్వరకర్త 1948లోనే రైళ్ల చప్పుళ్లతో రచన చేశాడు. 1969లో అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మూగ్ సింథసైజర్‌తో, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యంతో, ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. మన దేశంలోనూ ఈ దారి కొత్తది కాదని తెలిశాక నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఇప్పుడు ప్రదర్శనలో స్పీకర్లు తక్కువ. చెక్క బల్లల కింద అదురు పుట్టించే ట్రాన్స్‌డ్యూసర్లు బిగిస్తున్నాను. శ్రోతలు బల్ల మీద కూర్చుని సగం చెవితో, సగం ఒంటితో వింటారు. మొదటి బల్ల మీద కూర్చోబెట్టింది బాపునే. దెబ్బలు సరిగానే ఉన్నాయి గానీ, పోగు తెగితే సాంచా ఆగాలి కదా, ఇది ఎందుకు ఆగదని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్న. అందుకే కొత్త రచనలో ఆగిపోవడాలు పెడుతున్నాను. పోగు తెగుతుంది, శబ్దం నిలిచిపోతుంది, ముడి వేసేంతసేపు ఏమీ ఉండదు, తర్వాత మోటారు మళ్లీ అందుకుంటుంది. ఆ ఖాళీల నిడివి ఎంతుండాలో షెడ్డులో ముడులు వేసే చేతులను చూసి రాసుకుంటున్నాను.