చేతికి మళ్లీ పట్టు వచ్చిన తీరు

నిరుడు శ్రావణంలో పెరట్లో నాచు మీద కాలు జారి, పడబోతూ కుడి అరచేతిని నేలకు ఆనించడంతో నా మణికట్టు దగ్గర ఎముక విరిగింది. 1814లో ఐరిష్ వైద్యుడు అబ్రహాం కోలిస్ వర్ణించినందున దీనిని ఆయన పేరుతోనే పిలుస్తారట. ఆరు వారాలకు కట్టు విప్పారు.

ఎముక అతికిందన్న సంతోషం ఇంటికి వచ్చి మంచినీళ్లు అందుకునే దాకానే నిలిచింది. నిండు స్టీలు గ్లాసు వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. అంతకన్నా బరువైన రాగి చెంబును మాత్రం అదే సాయంత్రం ఒలకకుండా ఎత్తగలిగాను. చేతిలో బలం లేదనుకుంటే రెండూ జారాలి కదా!

ఈ సందేహాన్ని ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదు ఇచ్చేవారు) ముందు పెట్టాను. చెంబు మెడ చుట్టూ వేళ్లు చేరితే పైనున్న వెడల్పాటి అంచు వాటి మీద ఆనుకుంటుంది కనుక బరువులో చాలా భాగాన్ని ఆకారమే నిలుపుతుందనీ, నిలువు గోడల నున్నని గ్లాసుకు ఆ ఆసరా లేక కేవలం రాపిడి మీదే నిలవాలి కాబట్టి దానిని ఎక్కువ బలంతో నొక్కవలసి వస్తుందనీ ఆమె వివరించారు. స్వీడన్‌లో యోహాన్సన్, వెస్ట్‌లింగ్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒకే బరువును ఎత్తేటప్పుడు ఇసుక కాగితం అంటించిన వస్తువుకన్నా పట్టుగుడ్డ అంటించిన దానిని మనుషులు ఎక్కువ బలంతో పట్టుకున్నారు. పట్టుకే పట్టు చిక్కదన్నమాట! ఎంత నొక్కాలో ఎవరూ ఆలోచించి నిర్ణయించరు. వేలికొసల్లోని నాడులు ఉపరితలాన్ని పసిగట్టి సర్దుతాయి. నా వేళ్లు ఆ పసిగట్టడంలోనే మొద్దుబారి ఉన్నాయి.

అది తెలియక నేను మొదటి పది రోజులు, ఎవరో చెప్పారని, గట్టి రబ్బరు బంతిని పొద్దస్తమానం పిసికి వాపు పెంచుకున్నాను. "బంతి పక్కన పెట్టండమ్మా, ముందు వేళ్లకు స్పర్శ నేర్పుదాం" అన్నారు ఆమె. బియ్యం పోసిన బేసినులో బొత్తాము, చింతగింజ, రూపాయి బిళ్ల, తాడు ముక్క దాచి, కళ్లు మూసుకుని వెతికి పేరు చెప్పమనేవారు. తాడు ముక్కను వేళ్లు వెంటనే గుర్తుపట్టేవి. చింతగింజకూ బొత్తాముకూ తేడా తెలియడానికి మూడు వారాలు పట్టింది.

సన్నని చెంచా కాడ చుట్టూ వేళ్లు పూర్తిగా ముడుచుకోలేవు కనుక, దానికి పాత నూలు గుడ్డ చుట్టి చపాతీ కర్రంత లావు చేశాం. గ్లాసుకు రెండు రబ్బరు బ్యాండ్లు తొడిగాను. పట్టు మెరుగైన కొద్దీ గుడ్డ ఒక్కొక్క చుట్టు విప్పుతూ, బ్యాండ్లలో ఒకటి తీస్తూ నునుపుకు అలవాటు పడ్డాను. ఇంత శ్రమలోనూ మణికట్టును వెనక్కి వంచే వ్యాయామం మాత్రం ఆమె ఒక్కరోజూ మాననివ్వలేదు. కారణం కావాలంటే మణికట్టును లోపలికి పూర్తిగా వంచి పిడికిలి బిగించి చూడండి. విరగని చేతికైనా పట్టు సడలుతుంది.

పట్టు కొలిచే డైనమోమీటరులో మొదట కుడిచేయి 7 కిలోలు చూపితే ఎడమచేయి 22 చూపింది. ఆ పరికరం పిడిని ఐదు వెడల్పులకు మార్చవచ్చు. అన్నిటికన్నా వెడల్పైన దానిలో నా కుడిచేయి 4 కూడా దాటలేదు. అయిదు నెలలకు, ప్రతిసారీ కొలిచే రెండో వెడల్పులోనే, 18కి చేరింది.

స్టీలు గ్లాసు ఇప్పుడు తడిగా ఉన్నా జారదు. ఆవకాయ సీసా మూత దగ్గరే ఇంకా తకరారు. వెడల్పాటి నున్నని మూతను మొదట వదులు చేయడానికి అరచేయంతా బిగించాలి. ఆ పని ఎడమచేతికే వదిలేశాను. బిగువు సడలిన తరువాత వేలికొసలతో తిప్పి తీసేది మాత్రం కుడిచేత్తోనే.