ఇండిపెండెంట్ ఈవెంట్లా, కాదా? లెక్క వేసే తేల్చండి

ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలుంటే అందులో 80 మ్యాథ్సే. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సెకండ్ ఇంటర్ ప్రాబబిలిటీని చివరికి నెట్టకండి. నెల్లూరులో హాస్టల్లో ఉండి చదివినప్పుడు నాకు బాగా పనికొచ్చిన అలవాటు ఒకటుంది. ‘ఏ’, ‘బి’ అనే రెండు ఘటనలు స్వతంత్రమా (ఇండిపెండెంటా) అని అడిగితే ముందు కండిషనల్ ప్రాబబిలిటీ, అంటే ఒకటి జరిగిందని తెలిశాక రెండోదాని సంభావ్యత, వేసి చూసేవాణ్ణి. బి జరిగిందని తెలిశాక కూడా ‘ఏ’ సంభావ్యత మారకపోతే అవి స్వతంత్రం. బి సంభావ్యత సున్నా కాకూడదు, అంతే.

పాచిక వేశారు. ఏ అంటే సరిసంఖ్య పడటం, సంభావ్యత 1/2. బి అంటే 4 గానీ అంతకు తక్కువ గానీ పడటం. ఆ నాలుగింటిలో సరిసంఖ్యలు 2, 4. అంటే మళ్ళీ సగమే, స్వతంత్రం. ఇప్పుడు బి ని ‘3 గానీ అంతకు తక్కువ గానీ’ అని మార్చండి. మూడింట్లో ఒక్క 2 మాత్రమే మిగిలింది, 1/3. స్వతంత్రం పోయింది! చదవడానికి రెండు ప్రశ్నలూ ఒకేలా ఉన్నాయి. ‘వీటికి సంబంధం ఏముందిలే’ అనే ఊహని అందుకే నమ్మొద్దంటాను.

పట్టిక ఇస్తే ఇంకా సులువు. నేను హాస్టల్ వాళ్ళ మీదే లెక్కలు అల్లుకునేవాణ్ణి. నెల్లూరు జిల్లా వాళ్ళు 36 మంది, ప్రకాశం వాళ్ళు 24 మంది అనుకోండి. చేపల పులుసు ఇష్టమన్నవాళ్ళు ఇక్కడ 27, అక్కడ 18. రెండు భిన్నాలూ 3/4 కే వస్తాయి. జిల్లాకీ పులుసుకీ సంబంధం లేదన్నమాట (నెల్లూరోళ్ళు ఒప్పుకోరు, అది వేరే సంగతి). విడివిడి సంభావ్యతలు 36/60, 45/60 గుణించి, రెండూ కలిసి జరిగే సంభావ్యత 27/60 తో పోల్చినా జవాబు అదే, టైమే వేస్ట్.

మా రూమ్‌లో ఎక్కువ గొడవ పరస్పర వివర్జిత ఘటనల మీదే. అంటే రెండూ కలిసి జరగలేనివి. బి జరిగితే ‘ఏ’ జరగనే జరగదు, దాని సంభావ్యత ఒక్కసారిగా సున్నా అయిపోతుంది. ఏ కి మొదట ఎంతో కొంత సంభావ్యత ఉంటే ఇక అది స్వతంత్రం ఎలా అవుతుంది? ఏ సంభావ్యత 0.4, ఏ లేదా బి సంభావ్యత 0.7 అని ఇస్తే, వివర్జితమైతే బి 0.3, స్వతంత్రమైతే 0.5. ప్రశ్నలో ఏ మాట ఉందో చూడకుండా ఆప్షన్ పెట్టకండి.

మూడు ఘటనలొస్తే ఇంకో మెలిక ఉంది. రెండు నాణేలు ఎగరేసి మొదటిది బొమ్మ, రెండోది బొమ్మ, రెండూ ఒకేలా పడటం అని తీసుకోండి. ఏ జత చూసినా స్వతంత్రమే. కానీ మొదటి రెండూ జరిగాయని తెలిస్తే మూడోదాని సంభావ్యత సగం నుంచి 1కి వెళ్ళిపోతుంది. అంటే మూడూ కలిపి చూస్తే స్వతంత్రం కాదు.