పదకొండు నుంచి నాలుగు దాకా

సింగరాయకొండలో రైలు దిగేసరికి ఏడు కూడా కాలేదు. మే నెల కదా, అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. చేతి సంచీ నాకివ్వమంటే నాయన వినలేదు. "కందుకూరు బస్సు ఆ పక్క నిలబడుద్ది, రామ్మా" అంటూ నాకంటే ముందు నడిచాడు. ఆయనకి డెబ్బై మూడేళ్లు.

ఊళ్లో మాకిప్పుడు ఇల్లు లేదు, పొలమూ లేదు. లైబ్రరీకి కొత్త బిల్డింగు కట్టారని చిన్నాన్న కొడుకు ఫోన్‌లో చెప్పిన రోజు నుంచీ నాయనకి ఒకటే ధ్యాస. 1976లో సర్వీస్ కమిషన్ పరీక్షకి ఆయన చదువుకున్నది ఆ లైబ్రరీలోనే. ఏ రోజు వెళ్లాలో కూడా తనే తేల్చాడు. "శుక్రవారం వద్దు, లైబ్రరీకి సెలవు. శనివారమైతే రావిచెట్టుకీ మంచిది" అన్నాడు. రావిచెట్టుని మిగతా రోజుల్లో తాకకూడదని, శనివారం మాత్రం తాకొచ్చని మా వైపు పెద్దవాళ్ల మాట.

కందుకూరులో టిఫిన్ చేసి ఆటో ఎక్కాం. దారి పొడుగునా పొగాకుని వేడికి ఆరబెట్టే బ్యారన్లు. ఆటోలో నా పక్కనున్నామె ఒళ్లో ఉలవపాడు మామిడికాయల బుట్ట ఉంది. ఆ వాసనకి ఉండబట్టలేక నాలుగు కాయలు కొన్నాను.

నాయన చెప్పిన లైబ్రరీ ఒక పెంకుటిల్లు. నాపరాళ్ల నేల, రెండు బల్లలు, గోడకి తగిలించిన గడియారం. ఇప్పుడక్కడ మెట్లకి చీమకుర్తి గెలాక్సీ రాయి పరిచారు. నల్లటి రాయిలో సన్నటి బంగారు చుక్కలు. దేశదేశాలకి పోయే రాయి మన ఊరి లైబ్రరీ మెట్లకి ఉండడం నాకెంత ముచ్చటగా అనిపించిందో. నాయన చెప్పులు విడిచి, వంగి, మెట్టుని అరచేత్తో ఒకసారి తడిమి లోపలికి వచ్చాడు.

లోపల ఏసీ హాలు, మూడు కంప్యూటర్లు, చల్లటి నీళ్ల మిషను. కుర్చీ ఒక్కటి కూడా ఖాళీ లేదు. 2025 ఏప్రిల్‌లో 16,347 టీచరు పోస్టులకి మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది, జూన్‌లో పరీక్షలు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల పిల్లలు పొద్దున్నే ఇక్కడికే వస్తున్నారట. లైబ్రేరియన్ ఒక్కరే, ముప్పై ఏళ్లుంటాయేమో ఆ అమ్మాయికి. నాయన తన సంగతి చెప్పగానే తన కుర్చీ ఇచ్చేసి, పాఠకుల రిజిస్టరు ముందుకు జరిపింది. నాయన జేబులోంచి సొంత పెన్ను తీసి, పేరు, ఊరు, వచ్చిన టైము గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టాడు. ఆ ఒక్క వరుస రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. వెనక నిలబడ్డ కుర్రాడు తొందరపెట్టలేదు.

బీరువాల దగ్గర పుస్తకాల వీపుల మీద అంటించిన నంబర్లు చూసి ఆయన ఆగిపోయాడు. "894.827. తెలుగు సాహిత్యం" అన్నాడు. ఆ నంబరు ఇప్పటికీ గుర్తుండడం నాకే ఆశ్చర్యం. ఆ వరుసలో పుస్తకాలు కొత్తగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. పక్క బీరువాలో సైకాలజీ, మెథడాలజీ పుస్తకాలకి అట్టలు ఊడి, మూలలు మెత్తబడి, టేపులు అంటించి ఉన్నాయి. ఎంతమంది చేతుల్లో నలిగితే పుస్తకం అట్లా అవుతుంది! వాటిని చూస్తుంటే నాకు కడుపు నిండినట్టయింది. కథల పుస్తకాలు కూడా ఏదో ఒకరోజు అట్లా నలగాలని గట్టిగా అనుకున్నాను.

"ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీకి పోతయ్యి. ఊళ్లో ఇల్లున్న ప్రతివాళ్ల డబ్బూ ఇందులో ఉంది" అని నాయన నాతో మెల్లగా అన్నాడు.

పదకొండు కాగానే లైబ్రేరియన్ లేచి ఫ్యాన్లు ఆపింది. ఇక్కడ పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ఇంత ఖర్చుపెట్టి ఏసీ హాలు కట్టి, రోహిణికార్తె ముందు నడి ఎండలో దానికి తాళం వేయడమేమిటని నాకు కోపమొచ్చింది. ఆ అమ్మాయిని అనడానికి లేదు, మనిషి ఒక్కతే. ఇంకొక మనిషిని ఇస్తే మధ్యాహ్నమూ తెరిచి ఉంచొచ్చు కదా. నాయన మాత్రం నా మాట వినిపించుకోకుండా పిల్లల వెనకే బయల్దేరాడు. వాళ్లు ఎక్కడికి పోతారో ఆయనకి ముందే తెలుసు.

చెరువు కట్ట దిగువన రావీ వేపా పెనవేసుకుని ఒకే మానులా ఉన్నాయి. ఎప్పుడో ఊరివాళ్లు రెండిటికీ పెళ్లి చేశారట. మా ముత్తాత చిన్నప్పుడు కూడా ఇంతే ఉండేదని నాయన చిన్నతనంలో విన్న మాట. కాండం చుట్టూ ఎర్రదారాలు, పసుపుదారాలు, ఒకదాని మీద ఒకటి. గాలి ఉందో లేదో మనకి తెలియదు గానీ రావాకులు గలగలమంటూనే ఉన్నాయి. వాటి తొడిమలు పొడుగ్గా, సన్నగా ఉంటాయి, చిన్న గాలి చాలు.

చెట్టు మొదట్లో ఒక నాగప్రతిమ ఉంది. నాయన దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "మేం చదువుకునేప్పుడు పాము చుట్లన్నీ కనపడేయమ్మా" అన్నాడు. ఇప్పుడు పడగ ఒక్కటే బయట ఉంది. కింద చుట్లన్నిటినీ చెట్టు వేరు లోపలికి తీసుకుంది. రాతి అంచు మీదికి బెరడు పెదవిలా మడతపడి వచ్చింది. పడగ మీద మాత్రం ఆ పొద్దున పెట్టిన పసుపు, కుంకుమ తడిగా ఉన్నాయి. యాభై ఏళ్లు అంటే ఎంతో నాకు అక్కడ కళ్ల ముందు కనిపించింది.

పిల్లలు అరుగు చుట్టూ కూర్చున్నారు. ఒకళ్లు ప్రశ్న చదివితే మిగతావాళ్లు జవాబు చెప్తున్నారు. శనివారం కాబట్టి ప్రదక్షిణాలు చేసే ఆడవాళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్లు దగ్గరికి రాగానే పిల్లలు చదవడం ఆపి కాళ్లు పైకి ముడుచుకోవడం, వాళ్లు దాటగానే మళ్లీ వదలడం. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక అవ్వ పడగకి పసుపు పూసి, ఆ వేలితోనే ఓ అమ్మాయి నోట్సు అట్ట మీద కూడా బొట్టు పెట్టింది. "నీకు ఉజ్జోగం రావాల" అంది. ఆ అమ్మాయి లేచి అవ్వ కాళ్లకి దణ్ణం పెట్టింది.

అప్పట్లో తాళం వేసేటప్పుడు లైబ్రేరియన్ ఆ రోజు పేపరు నాయన వాళ్ల చేతికిచ్చి, "నాలుగింటికి మడత నలక్కుండా తెండి" అనేవాడట. ఆయన చదువులో సగం ఈ అరుగు మీదే జరిగిందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. లైబ్రరీ అని ఆయన చెప్పినప్పుడల్లా నేను గోడలూ బీరువాలే ఊహించుకున్నాను.

"ప్రకాశం జిల్లా ఎప్పుడు ఏర్పడింది?" అని ఒక కుర్రాడు చదివాడు. ఎవరూ చెప్పకముందే నాయన అందుకున్నాడు. "1970 ఫిబ్రవరి 2. అప్పుడు ఒంగోలు జిల్లా అన్నారు. 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మన కందుకూరు నెల్లూరు నుంచి అందులోకి పోయింది, 2022లో మళ్లీ నెల్లూరుకొచ్చింది." బొట్టు పెట్టించుకున్న అమ్మాయి గబగబా రాసుకుని, "ఇంకోసారి చెప్పండి తాతయ్యా" అంది. నాయన మళ్లీ చెప్పాడు, ఈసారి నెమ్మదిగా.

పెరుగన్నం పొట్లాలు విప్పాం. మామిడికాయలు కోసి అందరికీ పంచాను. కాసేపు నాయన సంచీ తలకింద పెట్టుకుని కునుకు తీశాడు. ఎండ తిరిగి, నీడ అరుగు దాటి చెరువు కట్ట వైపు సాగింది.

నాలుగింటికి అటువైపు షట్టరు లేచిన చప్పుడు. పిల్లలు పుస్తకాలు దులుపుకుని లేచారు. నాయన చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, మానుని చేత్తో తాకి కళ్లకద్దుకున్నాడు. మా రైలుకి ఇంకా టైముంది.

"పద, పొద్దున పేపరు చూడనేలేదు" అని మెట్ల వైపు నడిచాడు.