మీటరు దగ్గర గీత

"అదిగో!" అని పాప వేలు చూపించేలోపే ఆకాశంలో మెరుపు ఆరిపోయింది. డాబా మీద, ఏటా డిసెంబరులో కనిపించే జెమినిడ్స్ ఉల్కలు చూస్తున్నాం.

"ఎంతుంటుంది నాన్నా అది?"

ఇసుక రేణువంతే ఉండొచ్చన్నాను. నమ్మలేదు.

2017లో అంతర్జాతీయ ఖగోళ సంఘం చెప్పిన లెక్కలో, అంతరిక్షంలో తిరిగే రాయి 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి దాదాపు ఒక మీటరు దాకా ఉంటే మీటియరాయిడ్. అంతకన్నా చిన్నదైతే ధూళి, పెద్దదైతే గ్రహశకలం. 2013లో రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరం మీద ఆకాశంలో పేలిన రాయి సుమారు 20 మీటర్లది, అంటే గ్రహశకలమే. పగిలిన కిటికీ అద్దాలు గుచ్చుకుని ఎంతమంది ఆసుపత్రి పాలయ్యారో!

కానీ ఆ మీటరు గీత మనం గీసుకున్నదే. ఒకే రాయి పగిలి ముక్కలు గీతకి చెరోవైపు పడొచ్చు. ఈ జెమినిడ్స్‌నే చూడండి, సుమారు 5 కిలోమీటర్ల ఫేథాన్ అనే గ్రహశకలం నుంచి వచ్చినవి. చాలా ఉల్కాపాతాలకు తోకచుక్కలు మూలమైతే, దీనికి మాత్రం ఒక రాయి! నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం ఇదే.