ద్వోయె హ్లాచ్

మంగళవారం, లుబ్లియానా, స్లోవేనియా

పొద్దుటి నుంచి సన్నటి వాన పడుతున్నా, గుంటూరు నుంచి తెచ్చుకున్న రెండు ప్యాంట్లను సంచిలో పెట్టుకుని, పొడవు తగ్గించమని చెప్పడానికి వీధి చివరి కుట్టుపనావిడ దగ్గరకు వెళ్లాను. ఇక్కడి స్లోవీన్ భాషలో, సంస్కృతంలోలాగే, రెంటిని చెప్పడానికి ద్వివచనం ఉన్నదని తెలిసినప్పటి నుంచీ, చిన్నప్పుడు "రామః, రామౌ, రామాః" అని వల్లె వేసినవాడిని కాబట్టి ఇది నాకు చుట్టమేనన్న ధీమా ఉండేది. ఆ ధీమాతోనే "ద్వె హ్లాచి" అన్నాను. ఆవిడ పెదవుల మధ్య గుండుసూదులు తీయకుండానే తల అడ్డంగా ఊపి, "ద్వోయె హ్లాచ్" అని దిద్దింది.

ప్యాంటును ఇక్కడ హ్లాచె అంటారు. ఆ మాట ఎప్పుడూ బహువచనమే. ఒక్కటే ఉన్నా "ఎనె హ్లాచె" అనాలి, రెండుంటే విడిగా "ద్వోయె" అన్న సంఖ్యాపదం వాడాలి. కాళ్లు రెండే కదా అన్న వాదన చెల్లదు, ఎందుకంటే కాళ్లు నొప్పిగా ఉన్నాయని చెప్పేటప్పుడు కూడా వీళ్లు బహువచనమే వాడతారు. సంస్కృతంలోనైతే "పాదౌ" అనక తప్పదు. జీన్సును మాత్రం కౌబాయ్ పేరు మీదుగా "కౌబోయ్‌కె" అంటారు, అదీ బహువచనమే.

ఆఫీసుకు చేరి, ప్యాంటు తడిసిపోయిందని ఇంగ్లీషులో చెబితే ఇంగ్లండు నుంచి వచ్చిన సహోద్యోగి పగలబడి నవ్వాడు. మనకు ప్యాంటు అంటే పైన తొడుక్కునేది. అతనికి అది లోపలిది. దాన్ని స్లోవీన్‌లో "స్పోద్న్యె హ్లాచె", అంటే కింది ప్యాంటు, అంటారు. వాడుకలో "గాతె" అని కూడా వినిపిస్తుంది. నిన్న చూసిన సినిమా బాగా లేదనడానికీ అతను "ప్యాంట్స్" అన్న ఆ ఇంగ్లీషు మాటే వాడాడు. స్లోవీన్‌వారు అక్కడ ఏ బట్టనూ తలచుకోకుండా, దేనికీ పనికిరాదన్న అర్థంలో "జానీచ్" అని సరిపెడతారు. భయం వేస్తే మాత్రం గుండె ప్యాంటులోకి జారిందంటారు. గుండె జారిందని మనమూ అంటాము గాని, ఎక్కడికి జారిందో చెప్పము.

సాయంత్రం జేబులో చీటీ తీసి చూశాను. వ్యాకరణంతో పేచీ లేకుండా ఆవిడ అందులో "2" అని అంకె వేసి, పక్కన శుక్రవారం అని రాసి ఇచ్చింది.