బావ 650, మేనల్లుడి 457: గండికోట మీదుగా కర్నూలు దాకా

సంక్రాంతికి అక్కావాళ్ళ ఇంటి ముందు రెండు బండ్లు నిలబడ్డాయి. ఒకటి బావ నడిపే కవాసకి నింజా 650. రెండోది మేనల్లుడు బెంగళూరు నుంచి వేసుకొచ్చిన అప్రిలియా ఆర్‌ఎస్ 457. నా పాత పల్సర్ అమ్మేశాక ఈ రెండింట్లో ఏదో ఒకటి కొంటానని ఇంట్లో అందరికీ తెలుసు. ఏదన్నది మాత్రం తేలలేదు. బావ ఓటు పెద్దదానికి, మేనల్లుడి ఓటు తన బండికి. షోరూములో ఇచ్చే టెస్ట్ రైడ్ అంటే రెండు సిగ్నళ్ళు దాటి వెనక్కి తిరిగి రావడమే, దాంతో ఏం తెలుస్తుంది? రెండు బండ్లూ తీసుకుని ఓ చుట్టు చుట్టి వద్దామని బావే అన్నాడు. అనంతపురం నుంచి తాడిపత్రి, గండికోట. మర్నాడు బెలుం గుహలు, బనగానపల్లె, కర్నూలు. అక్కణ్ణుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఇంటికి. దారిలో బండ్లు మార్చుకుంటూ పోవాలని ఒప్పందం.

మేనల్లుడు తాళం చేతికిస్తూ, "మామా, పడేస్తే పడేశావు గానీ ఎడమవైపు మాత్రం పడెయ్యొద్దు. ఆ ఫెయిరింగ్, అదే పక్కనుండే ప్లాస్టిక్ తొడుగు, కొత్తగా మార్పించా" అన్నాడు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, అందుకని ముక్కనుమ నాడు తెల్లవారుజామున బయల్దేరాం. చలి బాగానే ఉంది. శింగనమల వైపు తిరిగేసరికి గ్లవ్స్‌లోంచి కూడా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మొదట 457 నాకు, 650 బావకు.

కాగితం మీద లెక్కలు నాకు అప్పటికే కంఠతా వచ్చు. నింజాది 649 సీసీ ఇంజిను, 68 పీఎస్ పవరు, 64 ఎన్‌ఎం టార్కు (చక్రాన్ని తిప్పే బలం), పెట్రోలు నిండితే 196 కిలోల బరువు. అప్రిలియాది 457 సీసీ, 47.6 పీఎస్, 43.5 ఎన్‌ఎం, 175 కిలోలు. రెండూ రెండు సిలిండర్లవే. సీటు ఎత్తు నింజాకు 790 మిల్లీమీటర్లయితే అప్రిలియాకు 800. అంటే చిన్న బండికే సీటు ఎత్తు! బరువులో తేడా 21 కిలోలు. అంతేనా, దీనికింత ఆలోచన ఎందుకు అనిపించేది చదివినప్పుడల్లా.

ఇంకో సంగతి కూడా చూసేవాళ్ళెవరూ ముందుగా చెప్పరు. పేరుకు పెద్దదైనా నింజా మీద కూర్చుంటే నడుము నిటారుగా ఉంటుంది, హ్యాండిల్ చేతికి అందుతూ వస్తుంది. 457 మీదే ముందుకు వాలాలి. తాడిపత్రి చేరేసరికి నా మణికట్లు ఆ మాట గట్టిగానే చెప్పాయి. నలభై దాటినవాడు సీసీ చూసే ముందు తన నడుమును అడగాలి.

తాడిపత్రిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బజ్జీ కారం ముక్కుపుటాల దాకా వచ్చింది. హోటలు ముందు పిల్లలు పదిమంది 650 చుట్టూ మూగారు. "అన్నా, ఎంత పోతుంది?" అని ఒకడు, "మైలేజీ ఎంత?" అని వాళ్ళ నాన్న. 457 వైపు ఒక్కడూ చూడలేదు. నా మనసు కాస్త చివుక్కుమన్న మాట నిజం. పెద్ద బండి అమ్ముడుపోవడంలో ఈ మూగడం పాత్ర ఎంతుంటుందో ఏ కంపెనీ బ్రోచర్లోనూ ఉండదు.

"ఎట్లుంది?" అన్నాడు బావ.

"బాగుంది బావా, కానీ..."

"హైవే ఎక్కేదాకా ఏమీ మాట్లాడొద్దప్పా నువ్వు."

తాడిపత్రి నుంచి బండ్లు మార్చుకున్నాం. ముద్దనూరు దాకా రోడ్డు బాగుంది. 650 ఆరో గేరులో పడితే ఇక కాలికి పని లేదు. పల్లె దాటేటప్పుడు నలభైకి దిగి మళ్ళీ థ్రాటిల్ తిప్పితే గొణక్కుండా లాగుతుంది. 457 అలా కాదు. దాని బలమంతా పైన, ఇంజిను గట్టిగా తిరుగుతున్నప్పుడు. గేర్లతో ఆడుకునేవాడికి అదే సరదా, పొద్దుపోయి ఇంటికి చేరాలనుకునేవాడికి అదే చాకిరీ.

జమ్మలమడుగు దాటి గండికోట పదిహేను కిలోమీటర్లు. ఆ దారిలో ఒక ఊరి బయట కంది కట్టె రోడ్డుకు అడ్డంగా పరిచి ఉంది. బండ్లు తొక్కితే కాయలు రాలతాయని వేస్తారు, సీమలో ఈ రోజుల్లో ఎక్కడికి పోయినా కనిపించేదే. కారుకు అది లెక్క కాదు. వెడల్పాటి, నున్నటి టైరున్న స్పోర్ట్స్ బండికి మాత్రం అది తారు మీద పరిచిన గోళీలు. క్లచ్ సగం పట్టుకుని, బ్రేకు జోలికి పోకుండా, హ్యాండిల్ తిప్పకుండా పోవాలి. నా కింద వెనక చక్రం ఒకసారి పక్కకు జరిగి మళ్ళీ సర్దుకుంది. డ్యాష్‌బోర్డు మీద, చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లైటు రెప్పపాటు వెలిగింది. అవతల దిగాక చూస్తే చైనుకు, దాని పళ్ళ చక్రానికి మధ్య నార చుట్టుకుని ఉంది. గట్టు మీద కూర్చున్న పెద్దావిడ నవ్వుతూ, "ఇంకోసారి అట్లే పోయి రా నాయనా, బాగా నలుగుతుంది" అంది.

ఆ 21 కిలోలు ఎక్కడున్నాయో నాకు అర్థమైంది మాత్రం గండికోట ద్వారం దగ్గర. ఈ కోటలోకి తిన్నగా పోయే దారి లేదు. ఎత్తైన గోడల మధ్య దారి వంకర తిరిగి లోపలికి పోతుంది. దండెత్తి వచ్చిన వాళ్ళను ఆపడానికి కట్టిన వంకర అది. ఈనాడు టూరిస్టు కార్లను, మాలాంటి వాళ్ళను ఆపుతోంది. ఎదురుగా కారు వచ్చింది, వెనక ఆటో ఉంది. స్పోర్ట్స్ బండి హ్యాండిల్ మామూలు బండిలా పూర్తిగా తిరగదు. కొంత తిరిగి ఆగిపోతుంది. బండరాళ్ళు పరిచిన ఆ ఎగుడు దారిలో నడక వేగంతో 650ని తిప్పడం నిండు బిందె చంకలో పెట్టుకుని మెట్లు దిగినట్టే ఉంది. ఒరగనంతసేపు తేలిగ్గానే ఉంటుంది. కాస్త ఒరిగిందా, బరువంతా ఒక్కసారి ఆ పక్కకు వచ్చేస్తుంది. 196 కిలోలకు తోడు వెనక సీటు మీద కట్టిన బ్యాగు. తొడలు వణికాయి. నా వెనకే బావ 457తో ఒక్క కాలు ఆనించి, ఆటోవాడితో కబుర్లు చెబుతూ తిరిగి వచ్చేశాడు.

లోపల మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం. పెమ్మసాని నాయకుల కాలం నాటి కోట. వాటన్నిటి వెనక పెన్నా కోసుకుపోయిన లోయ. ఫొటోల్లో అందరూ చూసిందే కాబట్టి దాని గురించి రాయను. ఎర్రటి బండల మీద ఎండ వాలుతున్నప్పుడు మాత్రం బండ్ల చర్చ ఆపి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం.

మర్నాడు కొలిమిగుండ్ల వైపు. ఇక్కడంతా నాపరాయి. బయట ఊళ్ళవాళ్ళు కడప బండలంటారు. క్వారీలు, పాలిష్ ఫ్యాక్టరీలు, బండలు నిలువుగా పేర్చుకుని పోయే లారీలు. బండలు కోసిన నీళ్ళు తెల్లటి పాలలా రోడ్డు పక్కకు వచ్చి ఎండుతాయి. ఎండితే పిండి, తడిస్తే జారుడు. ఈ ముక్క నాకు 457 మీద పడింది. ఎక్కడ సన్నటి తారు కనిపిస్తే అక్కడికి బండిని ఇట్టే జరపొచ్చు. బావ 650 మీద నా వెనక ఆ లారీల పొడి తింటూ వచ్చాడు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఇంకో తంటా ఉంది. నింజా గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు, 130 మిల్లీమీటర్లు. ఊరివాళ్ళు సొంతంగా పోసుకున్న సిమెంటు దిబ్బలు ఆ కొలత చూసి పోసినవి కావు. ప్రతి దానికీ ఏటవాలుగా ఎక్కించి దించాల్సిందే.

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో సందర్శకులకు తెరిచింది ఒకటిన్నర కిలోమీటరు దాకా. లోపల ఉక్కపోత. రైడింగ్ జాకెట్లు తగిలించుకుని దిగేవాళ్ళు నాలుగడుగులు వేశాక పైకి చూస్తారు. బయట పార్కింగ్ దగ్గర బావ తన సూత్రం చెప్పాడు: పెద్ద బండి ముక్కు ఎప్పుడూ పల్లం వైపు పెట్టి ఆపకూడదు. రివర్స్ గేరు లేదు, కంకర మీద బూటు జారుతుంది, వెనక్కి తోయడానికి ఇంకో మనిషి కావాలి. అందుకే 650 పెట్టే ముందు ఆయన దిగి నేల చూస్తాడు. ఇన్నేళ్ళుగా అలవాటైపోయి ఇదొక పని అని కూడా ఆయనకు అనిపించడం లేదు. నాకు మాత్రం అనిపించింది. అనంతపురంలో రోజూ టవర్‌క్లాక్ దగ్గర, సప్తగిరి సర్కిల్లో బండి పెట్టేవాణ్ణి. దిగి నేల చూసే తీరిక ఎక్కడిది?

అవుకు, బనగానపల్లె దాటి పాణ్యం దాకా 650 మళ్ళీ నా చేతికి వచ్చింది. ఇక్కడ దాని గురించి ఒక మంచి మాట చెప్పాలి. రెండు వరసల రోడ్డు, ముందు బండల లారీ, దాని ముందు ఇంకో లారీ, ఎదురుగా వచ్చే బస్సు దూరంగా చుక్కలా. ఇలాంటి చోట 64 ఎన్‌ఎం టార్కుకు అసలు విలువ. గేరు దించలేదు. మణికట్టు తిప్పాను, రెండు లారీలూ వెనక్కి పోయాయి. ఎదురు వరసలో ఉన్నది అరనిమిషం కూడా కాదు. అదే పని 457తో చేయాలంటే రెండు గేర్లు దించి, ఇంజిను అరిపించి, ఒక లారీ దాటి మధ్యలో దూరి, తర్వాత రెండోది. బావ హైవే హైవే అన్నాడు గానీ నా మట్టుకు పెద్ద ఇంజిను తన విలువ చూపించింది ఈ రెండు వరసల రోడ్డు మీదే.

పాణ్యం దగ్గర నాలుగు వరసలు వచ్చాక ఆ తేడా చప్పబడింది. అలాంటి రోడ్డు మీద బైకుకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80. ఆ వేగానికి రెండు బండ్లూ నిద్రపోతూ పోతాయి. ఓర్వకల్లు రాళ్ళు పక్కన కనిపించేసరికి మిగిలింది ఒకటే తేడా: పెద్ద లారీ పక్కనుంచి పోతే దాని గాలికి 457 కొంచెం కదులుతుంది, 650 కదలదు.

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. జనవరి మధ్యాహ్నానికే 650 ఫ్యాను తిరగడం మొదలెట్టి వేడి గాలి కుడి మోకాలికి కొట్టింది. మే నెలలో ఎట్లా అని అడిగితే, "మే నెల్లో ఎవడు తీస్తాడప్పా బండి?" అన్నాడు బావ. ఏడు లక్షల పైచిలుకు పోసి కొన్న బండికి వేసవి సెలవులు!

తిరుగు ప్రయాణంలో అమకతాడు టోల్‌గేట్ దగ్గర బైకులకు డబ్బు లేకుండా వదిలిన ఎడమ సందులోంచి దూరి, డోన్ దాటి, గుత్తి కోట కొండ కనిపించే చోట టీకి ఆగాం. అక్కడ లెక్కలు తీశాం. పన్ను దగ్గర రెండూ ఒకటే. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన ప్రతి బైకుకూ జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. అదే గీతకు కింద ఉంటే 18. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుకూ గీత అక్కడే. 2022లో ఖరారైన రేటు ప్రకారం కొత్త బండికి ఐదేళ్ళకు 15,117 రూపాయలు. ప్రభుత్వం దృష్టిలో 457 కూడా పెద్ద బండే. "అయితే నింజా 300 కొను, 296 సీసీ, పన్ను తక్కువ" అని బావ వెక్కిరించాడు. కానీ తేడా అంతా కొన్న తర్వాత మొదలవుతుంది. టైర్లు, చైను సెట్టు, పెట్రోలు. ఆపైన సర్వీసుకు ఆయన ప్రతిసారీ రెండు వందల కిలోమీటర్లు నడిపి బెంగళూరు పోవడం. దాన్ని బావ రైడు అంటాడు, అక్క మాత్రం సెలవు దండగ అంటుంది.

నేను 457 వైపే మొగ్గాను. లారీలు దాటేటప్పుడు 650 ఇచ్చిన ధైర్యం నాకు కావాలి, నిజమే. కానీ నేను అలా దాటేది నెలకొకసారి. గేటు తీసి బండి బయటికి తోసి, మలుపు తిప్పి, సర్కిల్లో ఆపేది ప్రతి రోజూ. బావ టీ గ్లాసు కింద పెట్టి, "రెండేళ్ళలో నా దగ్గరికే వస్తావులే. అప్పుడు ఇదే బండి నీకు అమ్ముతా" అన్నాడు. రేటు ఎంతని అడిగితే మాత్రం చెప్పలేదు.

వచ్చే నెల బెంగళూరు వెళ్ళి 457తో పాటు నింజా 500 కూడా ఒకసారి నడిపి చూడాలి. 451 సీసీ, 171 కిలోలు, కూర్చునే తీరు కూడా నా నడుముకు దగ్గరగా ఉంటుందంటున్నారు. మా ఆవిడా వస్తానంది. వెనక సీటు తను ఎక్కి చూశాకే అడ్వాన్సు ఇవ్వాలట.